గ్రావెల్ క్వారీ విస్తరణకు ముందు అరుదైన జీవుల సర్వే: పొద కొట్టకముందే చేయాల్సిన పని

క్వారీ లీజును పెంచుకోవాలనుకునే యజమానులూ, వాళ్లకు నివేదికలు రాసే కుర్రాళ్లూ నన్ను తరచూ అడిగేది ఒకటే. "సర్వే అంటే సరిగ్గా ఏం చేయాలి సార్, ఎన్ని రోజులు పడుతుంది?" ఫోన్లో చెప్పి చెప్పి అలసిపోయి, ఇక్కడ వరసగా రాసి పెడుతున్నాను.

లెక్కల కోసం ఒక ఊహా క్వారీని తీసుకుందాం. కడప, నెల్లూరు జిల్లాల మధ్య ఎర్రమట్టి తిప్ప మీద 4 హెక్టార్ల పాత లీజు ఉంది. దాని పక్కనే చిట్టడవిలో ఇంకో 9 హెక్టార్లు అడుగుతున్నారు. తెలంగాణలో మొరం గుట్ట అయినా పద్ధతి ఇదే, వెతికే జీవుల జాబితా మాత్రం మారుతుంది.

అన్నిటికంటే ముందు ఒక మాట. సర్వే అయ్యేదాకా ఆ నేల మీదకి జేసీబీ ఎక్కకూడదు. హద్దురాళ్లు పాతడానికి దారి చేస్తామన్నా ఒప్పుకోవద్దు. ఒకసారి మేం కెమెరాలు మోసుకుని వెళ్లేసరికి "మీకు నడవడానికి ఇబ్బంది లేకుండా సాఫు చేయించాం" అని ఒక యజమాని ఎంతో ప్రేమగా చూపించాడు. ఇక అక్కడ వెతకడానికి మిగిలింది టైరు గుర్తులే.

## 1. కాగితం పని: రెండు మూడు రోజులు

2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం లీజు విస్తరణకు కూడా ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. పాత లీజుకు ఉందిగా అంటే చెల్లదు. పక్కపక్కనే ఉన్న చిన్న లీజులను విడివిడిగా చూపించినా లాభం లేదు. హద్దుకూ హద్దుకూ మధ్య 500 మీటర్లలోపు ఉంటే వాటిని ఒకే క్లస్టర్‌గా లెక్కిస్తారు.

పటం మీద ముందుగా చూడాల్సినవి:

- జాతీయ పార్కు, అభయారణ్యం హద్దు ఎంత దూరం? 1 కిలోమీటరు లోపల గనుల తవ్వకం నిషేధం. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఎకో సెన్సిటివ్ జోన్ల (అభయారణ్యాల చుట్టూ ఉండే రక్షణ పట్టీల) నిబంధనను సడలించినా ఈ నిషేధాన్ని తీసేయలేదు. ఆ దూరంలోపు ఉంటే సర్వేకు డబ్బు తగలేయకండి, స్థలం మార్చుకోండి.
- రిజర్వు ఫారెస్టు హద్దు, వాగులు, వంకలు, చెరువులు.
- టిప్పర్లు తిరిగే దారి. దీన్ని చాలామంది మరిచిపోతారు. రాత్రిపూట జంతువులు చక్రాల కింద పడేది గుంతలో కాదు, ఈ దారి మీదే.
- పాత ఉపగ్రహ చిత్రాలు. పదేళ్ల కిందటి చిత్రంతో పోల్చి చూస్తే పొదలు పలచబడ్డాయో చిక్కబడ్డాయో తెలుస్తుంది.

ఈఐఏ నివేదికలో లీజు నేలను కోర్ జోన్ అనీ, చుట్టూ 10 కిలోమీటర్లను బఫర్ జోన్ అనీ అంటారు. పదికి పది కిలోమీటర్లూ నడవలేం కదా. నా పద్ధతి ఏమిటంటే లీజు నేలలో, దాని చుట్టూ 500 మీటర్లలో, టిప్పర్ దారికి రెండు వైపులా అంగుళం వదలకుండా నడుస్తాను. మిగతా బఫర్‌లో చెరువులు, గుట్టలు, వాగులు ఎంచుకుని చూస్తాను.

## 2. వెతకాల్సిన జీవుల జాబితా

"వన్యప్రాణుల సర్వే" అని బయల్దేరితే కాకులూ గోరింకలూ లెక్కపెట్టి తిరిగొస్తాం. ఏ జీవి ఉంటే మన హద్దు మారాలో వాటి పేర్లు ముందే రాసుకోవాలి. మన ఊహా క్వారీకి నా జాబితా ఇలా ఉంటుంది:

- కలివికోడి (రాత్రిపూట తిరిగే అరుదైన నేల పిట్ట)
- అలుగు (పాంగోలిన్)
- నక్షత్ర తాబేలు
- దేవాంగ పిల్లి (రాత్రిపూట కొమ్మల్లో తిరిగే చిన్న జంతువు, లోరిస్)
- ఉడుము, కొండచిలువ
- ఎలుగుబంటి, తోడేలు, చిరుత
- రాతిగుట్ట పక్కనే ఉంటే పసుపు గొంతు పికిలిపిట్ట
- ఎర్రచందనం

కర్నూలు వైపు పచ్చికబయళ్లయితే బట్టమేక పిట్ట, కృష్ణజింక పైకి వస్తాయి.

ఇక్కడ అందరూ చేసే తప్పు పాత షెడ్యూళ్లు, అంటే ఏ జీవికి ఎంత రక్షణో చెప్పే చట్టంలోని జాబితాలు, వాడటం. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, షెడ్యూళ్లన్నీ మారిపోయాయి. ఒకప్పుడు నాలుగో షెడ్యూల్లో ఉన్న నక్షత్ర తాబేలు ఇప్పుడు అత్యధిక రక్షణ ఇచ్చే ఒకటో షెడ్యూల్లో ఉంది. పాత నివేదికలోంచి పట్టికను కాపీ కొడితే అనుమతిని పరిశీలించే కమిటీలో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

## 3. ఎప్పుడు వెళ్లాలి

నివేదికకు వర్షాకాలం కాని ఒక సీజన్ సమాచారం చాలంటారు. కానీ నక్షత్ర తాబేలు బాగా తిరిగేది వానల్లోనే. ఎండాకాలంలో మూడు రోజులు వెతికి "లేదు" అని రాస్తే అది వెతికినట్టు కాదు. అందుకే కనీసం రెండు విడతలు పెట్టుకోవాలి:

- తొలి వానలు పడి నేల మెత్తబడ్డాక ఒకసారి: తాబేళ్లు, కప్పలు, వానలకు మొలిచే మొక్కలు.
- డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య ఒకసారి: పక్షులు (వలస వచ్చేవి కూడా), పాదముద్రలు, బొరియలు.

ఈ రెండిటి మధ్య, జంతువు కదిలితే వాటంతట అవే ఫోటో తీసే కెమెరాలు అక్కడే ఉంటే ఇంకా మంచిది. యజమాని తొందరపడతాడు. "ఇప్పుడు ఆరు నెలలు ఆగుతారా, రేపు కేసు పడి రెండేళ్లు ఆగుతారా?" అని అడిగి చూడండి, సాధారణంగా దారికొస్తాడు.

## 4. అనుమతి, భద్రత

పట్టా భూమిలో నడవడానికి ఇబ్బంది లేదు. రిజర్వు ఫారెస్టులో అడుగు పెట్టాలంటే డీఎఫ్‌వో (డివిజనల్ అటవీ అధికారి) అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. పట్టుకోవడం, వల వేయడం, బోను పెట్టడం చట్టం దృష్టిలో వేట కిందికే వస్తాయి. తాబేలు కనబడితే ఫోటో తీయండి. చేత్తో ఎత్తి కొలవకండి.

కడప, చిత్తూరు, నెల్లూరు కొండల దగ్గర రాత్రి సర్వేకు ఇంకో చిక్కు ఉంది. అర్ధరాత్రి తలకు టార్చీలు కట్టుకుని పొదల్లో తిరిగే నలుగురిని చూస్తే ఎవరైనా ఎర్రచందనం దొంగలనే అనుకుంటారు. రేంజ్ ఆఫీసరుకూ, స్థానిక పోలీసు స్టేషనుకూ తేదీలు, పేర్లు, బండి నంబరు ముందే రాసివ్వండి. ఆ కాగితం నకలు ప్రతి మనిషి జేబులోనూ ఉండాలి.

సంచిలో తప్పక ఉండాల్సినవి:

- పిక్కల దాకా వచ్చే బూట్లు. రక్తపింజర, చిన్నపింజర రెండూ ఈ నేలలోవే.
- మనిషికి రెండు టార్చీలు, ఒకదానికి ఎర్ర కాగితం చుట్టి.
- జీపీఎస్ లేదా ఫోన్, పవర్ బ్యాంకు. అందరి జీపీఎస్‌లూ ఒకే అమరికలో, దశాంశ డిగ్రీల్లో ఉండాలి.
- 15 సెంటీమీటర్ల స్కేలు. స్కేలు పక్కన లేని పాదముద్ర ఫోటో ఎందుకూ పనికిరాదు.
- పాము కాటుకు మందు ఉన్న దగ్గరి ఆసుపత్రి చిరునామా, అక్కడికి ఎంతసేపు పడుతుందో.

## 5. ఊళ్లో అడగడం

1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర, అంతరించిపోయిందనుకున్న కలివికోడి మళ్లీ దొరికిందంటే దానికి స్థానికుల కళ్లే కారణం. గొర్రెల కాపరులు, యానాదులు, తేనె తీసేవాళ్లు, కట్టెలకు వెళ్లే ఆడవాళ్లు, వీళ్లను అడక్కుండా మొదలెట్టిన సర్వే సగం గుడ్డిది.

అడిగే తీరు ముఖ్యం. "ఇక్కడ అలుగు ఉందా?" అని అడిగితే ఒక పెద్దాయన నన్ను కిలోమీటరు నడిపించి చెరువు అలుగు చూపించాడు. తప్పు నాదే. "పెద్దాయనా, ఒళ్లంతా పెంకులుండి, ముట్టుకుంటే చుట్ట చుట్టుకునేది ఎప్పుడన్నా చూసినారా?" అని అడగాల్సింది. పేరు మనం చెప్పకూడదు, వాళ్ల నోట రావాలి.

ఫోటోలు చూపించేటప్పుడు ఒక కిటుకు ఉంది. హిమాలయాల్లోనే ఉండే జంతువుల ఫోటోలు రెండు మధ్యలో కలపండి. వాటిని కూడా "ఆఁ, నిన్ననే చూసినాం" అన్నవాళ్ల సమాచారాన్ని పక్కన పెట్టేయొచ్చు. మన మొహం చూసి మొహమాటానికి అవునంటారు గానీ అబద్ధం చెప్పాలని కాదు.

ఒక్కొక్కరినీ విడిగా అడగండి. ఎక్కడ, ఏ నెల, పగలా రాత్రా, ఆఖరుసారి ఎప్పుడు అనే నాలుగూ రాసుకోండి. కనీసం పదిహేను మందితో మాట్లాడండి. క్వారీలో పనిచేసేవాళ్లను యజమాని ముందు అడగకండి.

## 6. పగటి నడక

9 హెక్టార్లంటే సుమారు 300 మీటర్ల పొడవు, 300 మీటర్ల వెడల్పు. పక్షులకు 50 మీటర్లకో గీత చొప్పున ఏడు గీతలు వేస్తే మొత్తం 2 కిలోమీటర్ల పైచిలుకు నడక. సూర్యోదయానికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ఆపేయాలి. పదకొండు గంటలకు కారు దిగి "పక్షులు తక్కువ" అని రాసిన నివేదికలు చాలా చూశాను. ఆ ఎండకు పక్షులే కాదు, మనుషులూ తక్కువే ఉంటారు.

తాబేలుకూ బొరియలకూ ఇది చాలదు. నలుగురు 10 మీటర్ల ఎడంతో వరసగా నిలబడి, ప్రతి పొద కిందికీ వంగి చూస్తూ నడవాలి. ఎనిమిది విడతల్లో నేలంతా అయిపోతుంది, మనిషికి రెండున్నర కిలోమీటర్ల లోపు. ఒక ఉదయం, ఒక సాయంత్రం పడుతుంది.

బొరియ కనబడితే:

- నోటి వెడల్పు, ఎత్తు కొలవండి, స్కేలుతో ఫోటో తీయండి.
- తాజా మట్టి ఉందా, సాలెగూడు అల్లి ఉందా చూడండి. సాలెగూడు ఉంటే ఈమధ్య ఎవరూ దూరలేదన్నమాట.
- చేయి పెట్టకండి, పొగ పెట్టకండి, తవ్వకండి.

పగిలిన పుట్ట చూడగానే "అలుగు" అని రాసేయకండి. ఎలుగుబంటి కూడా పుట్టలు తవ్వుతుంది. "అనుమానం" అని రాసి అక్కడ కెమెరా పెట్టండి.

## 7. మొక్కలు

చెట్లకు 20 మీటర్ల చదరం, పొదలకు 5 మీటర్ల చదరం, గడ్డీగాదానికి 1 మీటరు చదరం. ఇవి అందరూ చేసేవే. నేను పట్టుబట్టేది ఎర్రచందనం మొలకల గురించి. పెద్ద చెట్టు లేదు కదా అని వదిలేస్తారు, మోకాలెత్తు మొలకలు బలుసు పొదల్లో దాక్కుని ఉంటాయి. ఆకుకు సాధారణంగా మూడు చిట్టి ఆకులు, గుండ్రటి రెక్క ఉన్న కాయ, ముదిరిన చెట్టుకు మొసలి చర్మంలా పలకలు పలకలుగా పగిలిన బెరడు ఉంటే అది ఎర్రచందనమే. చిట్టి ఆకులు ఐదు నుంచి ఏడు ఉంటే వేగి చెట్టు కావచ్చు. బెరడు గీకి ఎరుపు చూసే అలవాటు మానుకోండి, ఆ గాటు రేపు మీ మెడకే చుట్టుకుంటుంది.

## 8. రాత్రి పని

కలివికోడి పగలు కనబడదు. దాని నేల ఎలా ఉంటుందో ముందు తెలుసుకోవాలి. కడప జిల్లా అధ్యయనాల్లో తేలింది ఇది: 2 మీటర్లకు మించిన పెద్ద పొదలు హెక్టారుకు 300 నుంచి 700, చిన్న పొదలు 1000 లోపు ఉన్నచోట అది ఉండే అవకాశం ఎక్కువ. అంటే 10 మీటర్ల చదరంలో పెద్ద పొదలు మూడు నుంచి ఏడు, చిన్నవి పది లోపు. పొదల మధ్య పరుగెత్తడానికి బోసినేల కావాలి దానికి. ఈ లెక్కతో ముందు రోజే మీ 9 హెక్టార్లలో అనువైన ముక్కలను పటం మీద గీసుకోండి.

వినడం. సూర్యాస్తమయానికే చోటు చూసుకుని కూర్చోండి. చీకటి పూర్తిగా పడ్డాక తొలి గంట కీలకం. గంటన్నర దాకా కదలకండి, మాట్లాడకండి. క్వారీలో జనరేటరూ టిప్పర్లూ ఆ రెండు మూడు రాత్రులు ఆపించాలి. పక్కన క్రషర్ తిరుగుతుంటే ఏ కూతా వినబడదు. రికార్డర్ పెట్టి సాయంత్రం రెండు గంటలు, తెల్లవారుజామున ఒక గంట రికార్డు చేయండి. తీతువు అరుపును కలివికోడి అనుకుని ఎగిరి గంతేసినవాళ్లు ఉన్నారు. రికార్డు ఉంటే తెలిసినవాళ్లకు వినిపించి తేల్చుకోవచ్చు. కూత వినిపించి పిలిచే పద్ధతిని అనుభవం లేనివాళ్లు వాడకండి, ఉన్న పిట్టను బెదరగొట్టినట్టవుతుంది.

అడుగుల పట్టీ. పొదల మధ్య దారుల్లో 5 మీటర్ల పొడవు, జానెడున్నర వెడల్పున నేల ఊడ్చి, జల్లించిన సన్నమట్టి పలచగా పరవండి. సాయంత్రం చదును చేసి, తెల్లవారగానే చూడాలి. ఎండ ఎక్కితే అంచులు కరిగిపోతాయి. కలివికోడికి వెనక వేలు ఉండదు, ముందు మూడు వేళ్లే. కానీ మూడు వేళ్ల పిట్టలు ఇంకా ఉన్నాయి కాబట్టి ముద్ర ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి. మేకల బాట మీద పట్టీ వేయకండి. నా మొదటి పట్టీలో ఇరవై మేకల గిట్టలు పడ్డాయి, ఇంకేమీ లేదు.

కెమెరా. నేలకు 30, 40 సెంటీమీటర్ల ఎత్తున, ఉత్తరానికో దక్షిణానికో చూసేలా కట్టండి. తూర్పు, పడమర పెడితే ఎండకే ఫోటోలు నిండిపోతాయి. ముందున్న గడ్డిపోచలు కత్తిరించండి. ఎనిమిది కెమెరాలు నెల రోజులుంటే 240 కెమెరా రాత్రులు. ఈ అంకె నివేదికలో ఉండాలి. కెమెరా మీద ఫోన్ నంబరు, "ఇది జంతువుల కోసం" అని తెలుగులో రాసిన చీటీ అంటించండి. కాపరులకు ముందే చెబితే దొంగతనాలు తగ్గుతాయి. మనుషుల ఫోటోలు పడితే చెరిపేయండి.

టార్చి నడక. గంటకు ఒక కిలోమీటరుకు మించకుండా, ఎర్ర కాగితం చుట్టిన వెలుతురుతో నడవాలి. దేవాంగ పిల్లి కళ్లు దగ్గర దగ్గరగా నిప్పుకణాల్లా మెరుస్తాయి. కొమ్మల్లో చూడండి, నేల మీద కాదు.

## 9. పాత గుంత

విస్తరణ నేలంతా జల్లెడ పట్టి పాత గుంతను వదిలేస్తారు. నిలువుగా కోసిన మట్టిగోడలో పసిరిక పిట్టలు గూళ్లు తవ్వుతాయి, ఎండాకాలమే వాటి పిల్లల కాలం. రాతి అరుగుల మీద గుడ్లగూబ గుడ్లు పెడుతుంది. నీళ్లు నిలిచిన మడుగు చుట్టూ బురద ఉంటే అదే మంచి అడుగుల పట్టీ, ఖర్చు లేకుండా. పొద్దున్నే వెళ్లి గోడలో రంధ్రాలు లెక్కపెట్టి, ఏది వాడుకలో ఉందో రాసుకోండి.

## 10. "కనబడలేదు" అని రాసే పద్ధతి

నన్నడిగితే నివేదికలో అన్నిటికన్నా బరువైన పేజీ ఇదే. ఒక రాత్రిలో ఒక జీవి మన కంటబడే అవకాశం 30 శాతం అనుకుందాం. అది అక్కడే ఉన్నా మూడు రాత్రులూ తప్పిపోయే అవకాశం 34 శాతం. ఎనిమిది రాత్రులు వెతికితే అది 6 శాతానికి పడిపోతుంది. అందుకే మూడు రాత్రుల సర్వేతో "లేదు" అనే మాట వాడకండి. "ఇన్ని గంటలు, ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని కెమెరా రాత్రులు వెతికాం, ఆధారం దొరకలేదు" అని రాయండి.

దొరికిన ప్రతిదానికీ ఏ రకం ఆధారమో పక్కన ఉండాలి: కళ్లారా చూశాం, ఫోటో ఉంది, విన్నాం, ఆనవాళ్లు మాత్రమే, ఊరివాళ్లు చెప్పారు. ఈ ఐదూ కలిపేసి "ఉంది" అని ఒకే గడిలో రాస్తే మీ పట్టికను నమ్మేవాడుండడు.

## 11. దొరికితే

ముందుగా, నెమలి. దాదాపు ప్రతి సర్వేలోనూ కనబడుతుంది, అది ఒకటో షెడ్యూల్ పక్షి. ఒకటో షెడ్యూల్ జీవి ఉంటే సంరక్షణ ప్రణాళిక రాసి, బడ్జెట్ చూపించి, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఆమోదం తెచ్చుకోవాలి. ఆ బాధ తప్పించుకోవడానికి నెమలిని జాబితాలోంచి మాయం చేస్తారు. పబ్లిక్ హియరింగ్‌లో ఎవరో రైతు లేచి "రోజూ మా చేలో గింజలు తినిపోయే నెమళ్లు మీకు కనబడలేదా?" అంటే జవాబుండదు.

తర్వాత వరస ఇది:

- హద్దు మార్చగలమా? మన 9 హెక్టార్లలో కలివికోడికి అనువైన ముక్క 2 హెక్టార్లే అయితే దాన్ని వదిలి 7 అడగడం అన్నిటికన్నా చవక.
- కాలం మార్చగలమా? మట్టిగోడలో గూళ్లుంటే ఆ గోడను పిల్లలు ఎగిరిపోయాకే తవ్వండి.
- రాత్రి టిప్పర్లు ఆపగలమా?
- వేరేచోటికి తరలించడం ఆఖరి మాట, అదీ అటవీశాఖ అనుమతితో, వాళ్ల చేతుల మీదుగానే.

అలుగు బొరియ, తాబేళ్లుండే చోటు, ఎర్రచందనం చెట్టు ఎక్కడున్నాయో కచ్చితమైన జీపీఎస్ అంకెలు అందరికీ అందే నివేదికలో పెట్టకండి. వేటగాళ్లు కూడా చదువుతారు. అక్కడ పటం మీద కిలోమీటరు చదరం గడి మాత్రం చూపించి, అసలు అంకెలు అటవీశాఖకు విడిగా ఇవ్వండి.

## 12. దరఖాస్తుకు ముందు ఒకసారి సరిచూసుకోండి

- రెండు విడతల తేదీలు, వాతావరణం, వెళ్లినవాళ్ల పేర్లు ఉన్నాయా?
- నడిచిన దారుల జీపీఎస్ గీతలు పటం మీద పడ్డాయా?
- పేర్లు తెలుగులోనూ, శాస్త్రీయంగానూ ఉన్నాయా?
- షెడ్యూళ్లు 2023 తర్వాతివేనా?
- పక్క జిల్లా నివేదికలోంచి జారిపడ్డ జీవులేమైనా ఉన్నాయా? మెట్ట తిప్ప మీద సముద్రపు పిట్టలు తేలిన నివేదిక ఒకటి నా దగ్గర భద్రంగా ఉంది.
- పాత గుంత, టిప్పర్ దారి కలిశాయా?

## 13. అనుమతి వచ్చాక, పొద కొట్టే రోజు

సర్వేకూ పనికీ మధ్య ఏడాది గడిచిపోవచ్చు. పొక్లెయిన్ రావడానికి ముందు రోజు సాయంత్రం, ఆ రోజు తెల్లవారుజామున ఆ ముక్కను మళ్లీ నలుగురూ వరసగా నడవండి. పొదలను ఊరి వైపు నుంచి అడవి వైపుకు, నెమ్మదిగా, ఒకే దిశలో కొట్టించండి. అప్పుడే లోపలున్నవి అడవిలోకి తప్పించుకుపోతాయి. చుట్టూ తిప్పి మధ్యలోకి వస్తే అన్నీ ఆఖరి పొదలో చిక్కుకుంటాయి. యంత్రం ముందు ఒక మనిషి నడవాలి. అతను చెయ్యెత్తితే ఇంజను ఆగాలని డ్రైవరుకు యజమాని ఎదుటే చెప్పించండి. రేంజ్ ఆఫీసు నంబరును డ్రైవరు ఫోన్లో కూడా ఎక్కించండి.